ఒక బిడ్డకు మనసు బాగోలేనప్పుడు ఇంట్లో రెండో బిడ్డను చూసుకునే పద్ధతి

ఒక ఇల్లు అనుకోండి. పదహారేళ్ల కూతురు ఇంటర్ ఫస్టియర్ మధ్యలో హాస్టల్ వదిలి ఇంటికొచ్చేసింది. డాక్టరు డిప్రెషన్ అన్నారు, దాంతోపాటు ఓసీడీ కూడా ఉందన్నారు, అంటే ఒకే అనుమానం పదే పదే వచ్చి, ఒకే పని మళ్లీ మళ్లీ చేయించే జబ్బు. రాత్రి ఒంటిగంట దాకా చేతులు కడుగుతూనే ఉంటుంది, పొద్దున పదకొండైనా మంచం దిగదు. అమ్మ ఉద్యోగానికి సెలవు పెట్టింది. నాన్న ఓపీ చీటీల చుట్టూ తిరుగుతున్నాడు. ఐదో తరగతి చదివే తమ్ముడు మాత్రం తన క్యారేజీ తనే సర్దుకుంటున్నాడు, అడక్కుండానే హోంవర్క్ చేసేస్తున్నాడు, గట్టిగా నవ్వడం మానేశాడు. చూడ్డానికి వచ్చిన చుట్టాలు "వీడికేం, బంగారుకొండ" అని తల నిమిరి వెళ్తున్నారు.

పదేళ్ల పిల్లాడు ఉన్నట్టుండి పెద్దమనిషి తరహాలో ఉంటున్నాడంటే బుద్ధిమంతుడయ్యాడని సంతోషించకండి. ఇంట్లో తన అల్లరికి ఇక చోటు లేదని వాడు లెక్క వేసుకున్నాడు. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో నూటికి 7.3 మందికి ఏదో ఒక మానసిక సమస్య కనిపించింది. నలభై మంది ఉన్న తరగతిలో దాదాపు ముగ్గురన్నమాట. వాళ్లలో చాలామందికి ఇంట్లో అక్కో తమ్ముడో ఉంటారు. మందుల చీటీ మీద వాళ్ల పేరు ఉండదు కాబట్టి వాళ్ల సంగతి ఎవరూ అడగరు.

జబ్బుపడిన బిడ్డకు వైద్యం ఎలా చేయించాలో మీ డాక్టరు చెబుతారు. రెండో బిడ్డ విషయంలో ఇంట్లో మీరు చేయాల్సిన పనులు ఇక్కడున్నాయి.

మొదటి పని: నిజం చెప్పడం

చాలా ఇళ్లలో "అక్కకి జ్వరం", "అక్క చదువు ఎక్కువై అలసిపోయింది" అని దాటేస్తారు. జ్వరమైతే వారంలో తగ్గాలి కదా. మూడు వారాలైనా తగ్గకపోతే పిల్లాడు తనే ఒక కారణం వెతుక్కుంటాడు, ఆ కారణం దాదాపు ఎప్పుడూ తనే అవుతాడు. "దసరాకి అక్క ఫోన్ లాక్కున్నాను, అందుకే ఇలా అయింది." బయటికి అనడు. తనలోనే పెట్టుకుంటాడు.

చెప్పే ముందు అక్కకి చెప్పండి: "తమ్ముడికి నీ ఆరోగ్యం గురించి చెప్పబోతున్నాం. ఏది చెప్పాలో, ఏది చెప్పొద్దో నువ్వు చెప్పు." జబ్బు ఆమెది, అడగకుండా చెబితే ఉన్న నమ్మకం కూడా పోతుంది. గాయం చేసుకోవడం, చనిపోవాలనిపించడం లాంటి వివరాలు చిన్నవాడికి వద్దు అంటే ఆ మాట గౌరవించండి.

అమ్మానాన్న ఇద్దరూ ఉన్నప్పుడు, అక్క ఎదురుగా లేనప్పుడు, నిద్రవేళకు బాగా ముందు చెప్పండి. రాత్రి పడుకోబోయే ముందు చెబితే వాడు చీకట్లో ఒక్కడే ఆలోచిస్తాడు. బండి మీద వెళ్తూనో, డాబా మీద నడుస్తూనో చెప్పడం మంచిది. ఎదురెదురుగా కూర్చోబెట్టి చెబితే తిట్లు తినడానికి పిలిచారనుకుంటాడు. పది నిమిషాలు చాలు. ఒక్కసారితో అయిపోదు, రెండు మూడు వారాలకోసారి మళ్లీ కదపాలి.

ఏ వయసుకు ఏ మాట?

నాలుగైదేళ్ల పిల్లకు: "అక్క మెదడుకి బాగోలేదు. అందుకే ఎక్కువ ఏడుస్తోంది. డాక్టరు మందిస్తున్నారు. నిన్ను స్కూల్ నుంచి రోజూ అమ్మమ్మ తీసుకొస్తుంది." ఈ వయసుకు ముఖ్యమైనది ఆ చివరి వాక్యం. తనకి అన్నం ఎవరు పెడతారు, తనని ఎవరు తీసుకొస్తారు అన్నదే దాని అసలు భయం.

ఎనిమిది నుంచి పదకొండేళ్ల వాడికి జబ్బు పేరు చెప్పేయండి. "అక్కకి వచ్చినదాన్ని డిప్రెషన్ అంటారు. ఇంకోదాని పేరు ఓసీడీ, చేతులకి ఏదో అంటిందని మెదడు పదే పదే తప్పుడు బెల్లు కొడుతుంది. అది నీ వల్ల రాలేదు, మా వల్ల రాలేదు, అక్క వల్ల కూడా రాలేదు. జలుబులాగా అంటుకోదు. తగ్గడానికి వారాలు కాదు, నెలలు పడుతుంది. మధ్యలో మళ్లీ ఎక్కువ అవ్వచ్చు కూడా. అక్కని చూసుకునే పని నాదీ, నాన్నదీ. నీది కాదు."

పన్నెండు దాటినవాళ్లు అప్పటికే ఫోన్లో వెతికేసి ఉంటారు. కాబట్టి "నీకేం తెలుసో ముందు నువ్వు చెప్పు" అని మొదలుపెట్టి, తప్పులుంటే సరిదిద్దండి.

నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పకుండా ఈ మాటలు ముగించకండి, వాడు అడిగినా అడగకపోయినా: నా వల్ల వచ్చిందా, నాకూ వస్తుందా, నన్నెవరు చూసుకుంటారు, ఎప్పటికి తగ్గుతుంది. రెండోదానికి పూర్తి అబద్ధం చెప్పకండి. తోడబుట్టినవాళ్లలో ఒకరికి డిప్రెషన్ ఉంటే మిగతావాళ్లకు వచ్చే అవకాశం మామూలు పిల్లలకన్నా ఎక్కువ. కానీ ఎక్కువమందికి రాదు. "అక్కకి వచ్చింది కాబట్టి నీకూ రావాలని లేదు. ఎప్పుడైనా అలా అనిపిస్తే నాకు చెప్పు, అక్కకి చూసినట్టే నీకూ చూస్తాం. ఇప్పుడు మనకి దారి తెలుసు కదా." ఇంతకన్నా ఎక్కువ భరోసా ఇస్తే నమ్మడు, తక్కువ ఇస్తే నిద్రపోడు.

బయట ఏం చెప్పాలో కూడా వాడికి నేర్పాలి. "ఎవరికీ చెప్పకు" అని ఊరుకుంటే సిగ్గుపడాల్సిన సంగతి అనుకుంటాడు, రహస్యం మోస్తూ స్నేహితులకు దూరమవుతాడు. దాని బదులు ఒక వాక్యం చేతికివ్వండి: "అక్కకి ఒంట్లో బాగోలేదు, ఇంట్లోనే ఉండి మందులు వాడుతోంది." పక్కింటి ఆంటీ తవ్వి అడిగితే "అమ్మని అడగండి ఆంటీ" అంటే సరిపోతుంది. ఏ విషయమైనా మాట్లాడుకోవడానికి ఒక మనిషిని కూడా చూపించండి, పిన్నో బాబాయో క్లాస్ టీచరో.

ఇంట్లో పెద్దవాళ్ల మాటలు కూడా చూసుకోండి. "వీడి అల్లరికే దానికి మతి పోయింది" అని నాన్నమ్మ నవ్వుతూ అన్నా పిల్లాడు నిజమనే అనుకుంటాడు. కోపంలో "నిన్నూ ఎర్రగడ్డలో చేర్పిస్తాను" అనడం మన ఇళ్లలో మామూలే. అక్క నిజంగా ఆసుపత్రికి వెళ్తున్న ఇంట్లో ఆ మాట నోటి నుంచి రాకూడదు. దిష్టి తీయించాలి, దర్గాకి తీసుకెళ్లాలి అని పెద్దవాళ్లు పట్టుబడితే గొడవ పడి లాభం లేదు. మూడు షరతులు పెట్టి ఒప్పుకోండి: మాత్రలు ఆపకూడదు, కొట్టడం పస్తు పెట్టడం ఉండకూడదు, చిన్నవాడిని అక్కడికి తీసుకెళ్లకూడదు.

రెండో బిడ్డకు అప్పగించకూడని పనులు

"నువ్వు అక్క పక్కన పడుకో, లేస్తే నన్ను లేపు." ఈ మాటతో పదేళ్ల పిల్లాడు రాత్రి కాపలాదారు అయిపోతాడు. నిద్రపోతే ఏమైనా జరుగుతుందేమోనని మెలకువగానే ఉంటాడు. నిజంగా ఏదైనా జరిగితే జీవితాంతం ఆ నేరం మోస్తాడు. డాక్టరు రాత్రి కనిపెట్టి ఉండమన్నారంటే ఆ పని పెద్దవాళ్లదే. ఇద్దరూ వంతులు వేసుకోండి, పది నుంచి రెండు వరకు ఒకరు, రెండు నుంచి ఆరు వరకు ఒకరు. ఇద్దరి వల్లా కాకపోతే మేనమామనో పెద్దమ్మనో వారం రోజులు పిలిపించుకోండి. పెళ్లికి పదిమందిని పిలిచే మనం ఇలాంటప్పుడు ఒక్కరిని పిలవడానికి మొహమాటపడతాం.

అలాగే మాత్రలు వేయించే పని, అక్క ఫోన్ చూసి చెప్పే పని, తలుపు గడియ పెట్టుకుంటే కొట్టి పిలిచే పని, అమ్మానాన్నల మధ్య మాటలు చేరవేసే పని. వీటిలో ఏదీ పిల్లాడిది కాదు. వాడికి ఇవ్వాల్సిన సూచన ఒక్కటే: "అక్క నిన్ను భయపెట్టే మాట ఏదైనా అంటే, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నా సరే, వెంటనే మాకు చెప్పు. ఆ ఒట్టు చెల్లదు." ఒట్టు సంగతి విడిగా చెప్పాలి. లేకపోతే అమ్మ మీద ఒట్టు పెట్టుకున్న పిల్లాడు ఆ మాటను లోపలే దాచేస్తాడు.

మరి ఏ పనీ ఇవ్వకూడదా? ఇవ్వచ్చు. జబ్బు లేనప్పుడు ఆ వయసుకు ఏది ఇచ్చేవారో అదే, మంచినీళ్ల బాటిళ్లు నింపడం, పాల ప్యాకెట్ తేవడం. అక్కతో క్యారమ్స్ ఆడాలనిపిస్తే ఆడనివ్వండి. "ఆడితే అక్కకి తగ్గుతుంది" అని మాత్రం అనకండి. ఆటను మందు చేస్తే అక్క గది దాటి బయటికి రాని రోజు వాడు ఓడిపోయినట్టు అనుకుంటాడు.

ఓసీడీ తమ్ముడిని లాక్కునే తీరు, బయటికి తెచ్చే తీరు

దీనిని కాస్త వివరంగా చెప్పుకోవాలి. డిప్రెషన్ తమ్ముడిని పక్కకు నెడుతుంది, ఓసీడీ మాత్రం లోపలికి లాగుతుంది.

సాయంత్రం స్కూల్ నుంచి వస్తాడు. గుమ్మం దగ్గరే అక్క: "గేటు చేత్తో తీశావా? కాలితో నెట్టావా?" కాలితోనే అంటాడు. "ఒట్టు?" ఒట్టు. "బ్యాగు ఎక్కడ పెట్టావు?" బయటే. స్నానం చేస్తేగానీ సోఫా మీద కూర్చోనివ్వదు. రాత్రి పడుకున్నాక గోడ అవతలి నుంచి మళ్లీ, "నిజంగా తాకలేదు కదా?" తాకలేదు అక్కా. పది నిమిషాలకు మళ్లీ. ఒక్క రాత్రిలో పదిహేను సార్లు. పాపం అక్క బాధపడుతోంది కదా అని అమ్మ కూడా "చెప్పేయరా, ఏం పోతుంది" అంటుంది.

పోయేది ఇదీ: తమ్ముడు జవాబు చెప్పిన ప్రతిసారీ అక్కకి రెండు నిమిషాలు ఊరట. ఆ ఊరట అడగడం వల్ల వచ్చిందని మెదడు నేర్చుకుంటుంది, అనుమానం ఇంకాస్త బలపడి తిరిగొస్తుంది. ఇంట్లోవాళ్లు ఓసీడీకి ఎంత సర్దుకుపోతే అది అంత పెరుగుతుంది. మన ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. మడి, అంటు, మైల అలవాటున్న ఇంట్లో "శుభ్రంగా ఉండటం మంచిదేగా" అని నెలల తరబడి ఎవరూ పట్టించుకోరు. మడికి ఒక వేళ, ఒక ముగింపు ఉంటాయి. పూజ అయ్యాక వదిలేస్తారు. ఓసీడీకి ముగింపు ఉండదు. తేడా అక్కడ పట్టుకోవాలి.

ఒక్కరోజులో అన్నీ ఆపేస్తే ఇల్లు అట్టుడికిపోతుంది. వరుస ఇలా ఉండాలి.

మొదటి వారం ఏమీ మార్చకండి, లెక్క మాత్రమే రాయండి. ఒక నోట్‌బుక్‌లో తేదీ, తమ్ముడిని అడిగిన ప్రశ్న లేదా చేయించిన పని, ఎన్నిసార్లు, ఎంతసేపు. రాసేది అమ్మో నాన్నో, తమ్ముడు కాదు.

ఆ పుస్తకం తీసుకుని సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. తమ్ముడితో ముడిపడిన వాటిని అక్కతోనే, ఆపితే తక్కువ భయం వేసేదాని నుంచి ఎక్కువ భయం వేసేదాని వరకు వరుసలో పెట్టిస్తారు. బ్యాగు బయట పెట్టించడం బహుశా కింది మెట్టు కావచ్చు. రాత్రి ఒట్లు పై మెట్టు కావచ్చు. కింది మెట్టు నుంచే మొదలు, ఒకసారికి ఒక్కటే.

ఎప్పటి నుంచి ఆపుతున్నారో అక్కకి ముందే చెప్పండి: "సోమవారం నుంచి తమ్ముడు బ్యాగు లోపలికి తెచ్చుకుంటాడు. నీకు కష్టంగా ఉంటుందని తెలుసు. ఆ అరగంట నేను నీ పక్కనే కూర్చుంటాను." చెప్పకుండా చేస్తే దాడి చేసినట్టు ఉంటుంది.

తమ్ముడికి ఒకే ఒక్క వాక్యం నేర్పండి: "అది అమ్మని అడుగు అక్కా." వాదించకూడదు, వెక్కిరించకూడదు, ఏడిపించడానికి గేటు ముట్టుకుని చూపించకూడదు. మిగతా భారమంతా అమ్మానాన్నలదే. అమ్మ చెప్పే మాట: "అది ఓసీడీ అడుగుతోంది. దానికి జవాబు చెప్పను. నీ దగ్గర కూర్చుంటాను."

మొదటి రోజుల్లో అడగడం తగ్గదు, పెరుగుతుంది. ఏడుపు, అరుపు, అన్నం మానేయడం కూడా రావచ్చు. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. నాలుగు రోజులు బిగబట్టి ఐదోరోజు జవాబు చెప్పేస్తారు. దాంతో మెదడు నేర్చుకునేదేమిటంటే, పదిసార్లకి చెప్పకపోతే ముప్పైసార్లు అడగాలి. నిలబడలేం అనిపిస్తే మొదలుపెట్టకండి, ఇంకా చిన్న మెట్టు ఎంచుకోండి. అక్కకి చనిపోవాలనే ఆలోచనలు ఉన్న రోజుల్లో డాక్టరు చెప్పకుండా ఇదంతా సొంతంగా చేయకండి.

కోపం చేతల్లోకి దిగినప్పుడు

కొందరు పిల్లలు వస్తువులు విసురుతారు, తోస్తారు, కొడతారు. "అక్కకి బాగోలేదు కదా, నువ్వే సర్దుకో" అనేది మనకు నోటికి అలవాటైన మాట. జబ్బు వల్ల వచ్చినా దెబ్బ దెబ్బే. తమ్ముడిని కొట్టడం ఈ ఇంట్లో కుదరదని ఇద్దరి ముందూ ఒకే నియమంగా చెప్పండి.

వాడికి ఒక చోటు, ఒక సంకేతం ఉండాలి. "నేను 'పాలు చూసిరా' అంటే నువ్వు ఏ పనిలో ఉన్నా పైవాటా అత్తయ్య వాళ్లింటికి వెళ్లిపో. నేను వచ్చి పిలిచేదాకా అక్కడే ఉండు." ఆ అత్తయ్యకి ముందే చెప్పి పెట్టుకోవాలి. ఇంట్లో అందరూ మామూలుగా ఉన్న రోజు రెండుసార్లు సాధన చేయించండి. గొడవ అయ్యాక ఆ రోజే వాడి దగ్గర ఐదు నిమిషాలు కూర్చోండి. వాడి పుస్తకమో బొమ్మో విరిగితే కొని ఇవ్వండి. చిన్న వస్తువే, కానీ దాన్ని పట్టించుకుంటే తననీ పట్టించుకున్నారని వాడికి తెలుస్తుంది.

రోజుకి పదిహేను నిమిషాలు

"ఆదివారం సినిమాకి వెళ్దాం" అని చెప్పి, ఆ ఆదివారం అక్కకి బాగోలేక మానేయడం కన్నా రోజూ పదిహేను నిమిషాలు తప్పకుండా ఇవ్వడం మేలు. అమ్మానాన్నల్లో ఒక్కరు, ఫోన్ వేరే గదిలో పెట్టి, వాడు ఏం చేయమంటే అది చేయాలి. చదువు గురించి అడగకూడదు. అక్క ప్రసక్తి మీరు తేకూడదు, వాడు తెస్తే వినాలి. మధ్యలో అక్క పిలిస్తే, ప్రమాదం కాకపోతే, "పది నిమిషాల్లో వస్తాను" అని వాడికి వినబడేలా చెప్పండి. తన కోసం కూడా ఒకరిని ఆగమన్నారని వాడికి తెలియాలి.

వాడి పుట్టినరోజు, స్పోర్ట్స్ డే, పేరెంట్స్ మీటింగ్ క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో రాసి, అక్క అపాయింట్‌మెంట్లు ఆ రోజుల్లో పడకుండా చూసుకోండి. తప్పనిసరైతే ఒకరు ఆసుపత్రికి, ఒకరు స్కూలుకి.

మాత్రల డబ్బా, తాళం

డిప్రెషన్‌కి, ఓసీడీకి పిల్లలకు ఎక్కువగా రాసే ఫ్లూక్సెటిన్ లాంటి మందులు పనిచేయడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఓసీడీకి ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు. మొదటి కొన్ని వారాల్లో కొందరు పిల్లల్లో అసహనం, నిద్రలేమి, చనిపోవాలనే ఆలోచనలు పెరగవచ్చు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2004లోనే దీని గురించి గట్టి హెచ్చరిక పెట్టించింది. మందు మానేయమని దాని అర్థం కాదు, ఆ వారాల్లో దగ్గరుండి చూసుకోమని, తేడా కనిపిస్తే డాక్టరుకి అదే రోజు చెప్పమని. బాగైపోయిందని సొంతంగా ఒక్కసారిగా ఆపేయకూడదు. తగ్గాక కూడా సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది వరకు వాడించి, మెల్లగా తగ్గిస్తూ ఆపుతారు.

ఇక డబ్బా. ఫ్రిజ్ మీద, టీవీ పక్కన మాత్రల షీట్లు ఉండే ఇల్లు ఇద్దరు పిల్లలకూ ప్రమాదమే. నెల మాత్రలన్నీ బీరువా లాకర్‌లో పెట్టండి, తాళం ఒక పెద్దమనిషి ఒంటి మీదే ఉండాలి. ఆ పూట మాత్ర మాత్రమే బయటికి తీసి, ఎదురుగా మింగించి, నోరు చూడండి. తాతయ్య బీపీ, షుగర్ మాత్రలు, ఇంట్లో మామూలుగా ఉండే పారాసిటమాల్ కూడా అదే లాకర్లోకి. పల్లెటూరి ఇంట్లో పురుగుమందు, గడ్డిమందు డబ్బాలను ఇంట్లో ఉంచవద్దు, తాళం వేసిన చోటైనా సరే. వేరే వాళ్ల షెడ్డుకి పంపేయండి.

చిన్నవాడు పొరపాటున మాత్రలు మింగాడని తెలిస్తే వాంతి చేయించకండి, ఉప్పునీళ్లు తాగించకండి. ఖాళీ షీటు చేత్తో పట్టుకుని 108కి ఫోన్ చేయండి.

తలుపు మీద అంటించే కాగితం

ప్రమాదం వచ్చినప్పుడు ఆలోచించే తీరిక ఉండదు కాబట్టి ముందే ఒక కాగితం మీద రాసి వంటగది తలుపు లోపలివైపు అంటించండి. అందులో ఉండాల్సినవి: అంబులెన్స్ 108, ఏ అత్యవసరానికైనా 112, టెలిమానస్ 14416. టెలిమానస్ 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య ఫోన్ సేవ. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడచ్చు. రోగి కాకుండా ఇంట్లోవాళ్లు కూడా ఫోన్ చేయచ్చు, తమ్ముడి గురించి అడగడానికైనా సరే. పిల్లల కోసం 1098. దాని కింద మీ డాక్టరు నంబరు, రాత్రి తెరిచి ఉండే దగ్గరి ఆసుపత్రి పేరు. చివరన పెద్ద అక్షరాలతో: తమ్ముడిని ఎవరు తీసుకెళ్తారు, వారి ఫోన్ నంబరు, వాడి బట్టల సంచి ఎక్కడుంది. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలైతే మానసిక అత్యవసరానికి 988, మిగతా అత్యవసరాలకు 911 రాసుకోవాలి.

"నీకు చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని అక్కని నేరుగా అడగడానికి చాలామంది భయపడతారు, లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని. అలా అవదు, అడగడం వల్ల చెప్పుకునే దారి దొరుకుతుంది. తమ్ముడు లేని చోట అడగండి.

ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే ఇంటి ఏర్పాటు మొత్తం మారిపోతుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు పిల్లలను పెద్దల వార్డులో కలపకూడదు, ఉన్నన్నాళ్లూ ఒక సంరక్షకుడు తోడుండాలి. ఆడపిల్లకి నాన్న తోడుంటే ఒక ఆడమనిషిని కూడా ఏర్పాటు చేయాలి. అంటే అమ్మ దాదాపు పూర్తిగా ఆసుపత్రిలోనే. ఆ రోజుల్లో తమ్ముడిని ఊళ్లో అమ్మమ్మ దగ్గర వదిలేయడం సులువనిపిస్తుంది కానీ, వీలైనంతవరకు వాడి స్కూలు, వాడి మంచం మార్చకండి, అమ్మమ్మనే ఇక్కడికి పిలిపించండి. అమ్మ రోజూ ఒకే సమయానికి, రాత్రి ఎనిమిదింటికనుకుంటే ఎనిమిదింటికే, వీడియో కాల్ చేయాలి. అదే చట్టంలో బీమా సంస్థలు శరీర జబ్బుకి ఇచ్చినట్టే మానసిక జబ్బుకి కూడా బీమా ఇవ్వాలని ఉంది. పాలసీ కాగితం తీసి చూడండి.

ఎవరి దగ్గరికి, ఎక్కడికి

మందు రాసేది సైకియాట్రిస్ట్, మాటలతో చికిత్స చేసేది క్లినికల్ సైకాలజిస్ట్. "నరాల డాక్టరు" అని మనవాళ్లు అనే న్యూరాలజిస్ట్ వేరు, అక్కడికి వెళ్లి నెలలు పోగొట్టుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక చికిత్సాలయం, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల, బెంగళూరులో పిల్లల విభాగం విడిగా ఉన్న నిమ్హాన్స్ పెద్ద కేంద్రాలు. అంత దూరం వెళ్లలేకపోతే జిల్లా ఆసుపత్రిలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం గురించి అడగండి.

అక్క అపాయింట్‌మెంట్‌లో ఒక్కసారైనా "మా బాబుతో పది నిమిషాలు మాట్లాడతారా?" అని అడగండి. డాక్టర్లు తమంతట తాము అడగరు, అడిగితే చాలావరకు కాదనరు. అమ్మానాన్న చెప్పింది నమ్మని పిల్లాడు కూడా తెల్లకోటు వేసుకున్న మనిషి "నీ వల్ల కాదు నాన్నా" అంటే నమ్ముతాడు.

స్కూల్లో క్లాస్ టీచర్‌కి చెప్పండి. జబ్బు పేరు అక్కర్లేదు: "ఇంట్లో పెద్దపాపకి ఆరోగ్యం బాగోలేదు, వీడి మీద ఒత్తిడి ఉంది. హోంవర్క్ ఆలస్యమైతే కొంచెం చూడండి, దిగులుగా కనిపిస్తే నాకు ఫోన్ చేయండి." అక్క మార్కులతో, అక్క ప్రవర్తనతో వీడిని పోల్చవద్దని కూడా మర్యాదగా చెప్పాలి.

రెండో బిడ్డకే డాక్టరు అవసరమయ్యే గుర్తులు

ఆదివారం రాత్రి, సోమవారం పొద్దున తప్పకుండా వచ్చే కడుపునొప్పి. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం. "అమ్మ ఎప్పుడొస్తుంది" అని పదే పదే అడగడం, స్నేహితులను ఇంటికి పిలవడం మానేయడం, అక్క చేసినట్టే చేతులు కడగడం, స్కూల్లో తనకన్నా చిన్నవాళ్లను కొట్టడం. మార్కులు పడిపోవడం ఎంత గుర్తో, ఒక్క మార్కు తగ్గితే వణికిపోవడం కూడా అంతే. వీటిలో ఒకటి రెండు రెండు వారాలు దాటి కొనసాగితే చూపించండి. చచ్చిపోతాననే మాట ఒక్కసారి వచ్చినా, ఎవరినో అనుకరిస్తున్నాడనిపించినా, ఆ రోజే.

తల్లిదండ్రులు ఒక మాట మీద లేకపోతే ఇవేవీ నిలవవు. "నీ గారాబం వల్లే" అని నాన్న, "మీరు హాస్టల్లో వేయడం వల్లే" అని అమ్మ. పిల్లాడు గోడ అవతల ఇదంతా వింటూనే ఉంటాడు. తప్పెవరిది అనే వాదనను వారానికి ఒక్క అరగంటకి, ఇంటి బయటికి పరిమితం చేయండి. పార్కులో తిట్టుకున్నా ఫర్వాలేదు. ఇంట్లో మాత్రం మాట్లాడాల్సింది రేపు ఎవరు ఎవరిని ఎక్కడికి తీసుకెళ్తారన్నదే.

అక్కకి తగ్గుముఖం పట్టాక

ఇది చాలా కుటుంబాలకు ఊహించని దెబ్బ. ఐదారు నెలలకి అక్క లేచి తిరుగుతుంది, కాలేజీ మాట ఎత్తుతుంది. ఇల్లు కాస్త ఊపిరి పీల్చుకునే సరికి ఇన్నాళ్లూ బుద్ధిగా ఉన్న తమ్ముడు తిరగబడతాడు. ప్లేటు విసురుతాడు, "మీకు అక్క ఒక్కతే పిల్ల" అంటాడు, చదవనంటాడు. తగ్గిపోయిన ఇంట్లో కొత్త గొడవేమిటని కొడితే అంతా మొదటికొస్తుంది. ఇన్నాళ్లు దాచుకున్నది, ఇప్పుడు బయట పెట్టినా ఇల్లు కూలిపోదని నమ్మకం కలిగి బయటపెడుతున్నాడు. ప్లేటు విసరడానికి మామూలుగా ఉండే శిక్ష ఉండాలి, ముక్కలు వాడే ఏరాలి. మాటలకు మాత్రం శిక్ష వద్దు. "నిజమే, ఆరు నెలలు నిన్ను సరిగ్గా చూసుకోలేకపోయాం" అని ఒప్పుకోండి, "కానీ" అని తగిలించకుండా ఆగిపోండి. ఆ తర్వాత వాడు ఏం చెబుతాడో వినండి, అది అరగంట పట్టినా, అందులో మీ మీద నిందలే ఎక్కువున్నా. పదిహేను నిమిషాల సమయం ఇప్పుడు ఆపేయకండి. అక్క పూర్తిగా కాలేజీకి వెళ్లడం మొదలుపెట్టిన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు అదే గంటకి, అదే మనిషితో కొనసాగనివ్వండి.